ఎనిమిదొందల పదకొండు అడుగులు

బస్సు దిగిన చోటు నుంచి మైలున్నర.
అంతే, అంది ఉసేనమ్మ, మేకల్ని వెనక్కి అదిలించి.
కర్నూలు జిల్లాలో ఓడ మునిగిందంటే
మా ఆఫీసులో నవ్వారు,
బిందెకు నీళ్లు దొరకని చోట
ఓడెట్లా మునుగుతుందయ్యా అని.

పందొమ్మిదేళ్లుగా నేను రిజర్వాయరు నీటిమట్టం రాసేవాణ్ని.
పొద్దున ఆరింటికి గేజి స్తంభం చదివి
రిజిస్టరులో ఒక అంకె, పక్కన సంతకం.
పెరిగితే ఒక ఫోను, తగ్గితే ఇంకో ఫోను.
ఈ మే నెలలో అంకె దిగి దిగి
ఎనిమిదొందల పదకొండు దగ్గర ఆగింది.
"ఇంగ బయటపడింటాది, సూద్దువు రా" అంది,
ఎవరో చుట్టం ఊరి నుంచి వచ్చినట్టు.

దారి మొదట్లో సర్కారుతుమ్మ.
చొక్కా పట్టుకుని అడుగుతుంది ఎవరివని.
తర్వాత బలుసు, రేగు, ఎండి గలగలమనే తంగేడు కాయ,
బుర్రున లేచి మా ఇద్దర్నీ ఉలిక్కిపడేసిన కౌజుపిట్టలు.
ఆ తర్వాత చెట్టు లేదు.
నీళ్లు విడిచిపెట్టిపోయిన నేల,
ఒక్కో పగులులో చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది.
నత్తగుల్లలు కాలికింద పటపటమంటాయి.
గాలి మాత్రం సముద్రం గాలే.
సముద్రం నేను చూసింది ఒక్కసారి, బందరులో, మేనత్త పోయినప్పుడు,
అందుకని ఖాయంగా చెప్పలేను.

"ఇది రచ్చకట్ట" అంది ఉసేనమ్మ. మూడు బండలు.
"ఇది బాయి." గుంట.
"ఇది ఈరన్న కొట్టు, బొరుగులూ పప్పులూ." ఏమీ లేదు.
ఆ ఏమీ లేని చోటు చుట్టూ ఆమె తిరిగి నడిచింది
గోడ ఉన్నట్టు.
నేనూ తిరిగే నడిచాను.

లాంచీ పక్కకు ఒరిగి పడుకునుంది
ఈనబోయే బర్రె లాగ.
ఇనుప పక్కటెముకలు, తుప్పు, వాటి మధ్య ఒండ్రు.
పేరు కూడా ఉండేదట.
"గంగమ్మ అని కొందురు, జయలక్ష్మి అని కొందురు,
నాకు సదువొస్తే కదా."

తుఫాను కాదు. సుడిగుండం కాదు.
దీన్ని ముంచింది ఇళ్లు.
నీళ్లొస్తాయని టముకు వేసిన ఏడు
ఊరు ఊరంతా తన్ను తాను విప్పుకుంది.
దూలాలు, దంతెలు, తలుపులు, ద్వారబంధాలు.
రాళ్లెట్లాగూ రావు, కట్టెలన్నా తెచ్చుకుందామని
పదకొండు ఇళ్లు ఎక్కించారు ఒక్క లాంచీలో.
డ్రైవరు మద్దిలేటి వద్దన్నాడంట.
"యా ఇల్లు దించల్లో సెప్పు" అన్నారంట.
అతను చెప్పలేకపోయాడు.

ఒడ్డు నూరు గజాలుందనగా
నీళ్లు మెల్లగా, మర్యాదగా లోపలికొచ్చాయి.
మనుషులెవరూ పోలేదు.
ఎనిమిదేళ్ల ఉసేనమ్మ ఒక తలుపు మీద బోర్లా పడి
ఒడ్డుకు కొట్టుకొచ్చింది.
"గొళ్లెం పట్టుకోనుంటి.
ఇప్పుటికీ యా గొళ్లెం సూసినా సెయ్యి దానంతటదే పోతాది."

ఆ పొద్దున కూడా నాలాంటివాడెవడో
ఆరింటికి అంకె రాసి సంతకం పెట్టే ఉంటాడు.
పదకొండు ఇళ్లు మునిగితే మట్టం ఎంత పెరుగుతుంది?
లెక్కేశాను, అలవాటు కొద్దీ.
వెంట్రుకవాసి కూడా కాదు.

ఒండ్రులో సగం పూడి
ఒక ద్వారబంధం నిలబడే ఉంది, నల్లబడ్డ టేకు.
పైన చెక్కిన చిలకకు ముక్కు లేదు.
ఉసేనమ్మ చెప్పులు విడిచింది,
కాలుతున్న ఇనుము పక్కన.
కొంగు తల మీదికి లాక్కుని
గడప తొక్కకుండా దాటి లోపలికి పోయింది.
లోపలంటే అటువైపూ ఒండ్రే,
దాని అవతల నీళ్లు, నీళ్ల అవతల నల్లమల.
నేను బయటే నిలబడ్డాను.
పిలవందే ఎట్లా పోవడం?

కాసేపటికి వెనక్కి తిరిగి
"యాలప్పా ఆడ్నే నిలబడితివి, రా" అంది.

జూలైలో పైనుంచి నీళ్లు వదిలారు.
అంకె పన్నెండు దాటిన పొద్దున
ముందు ఫోను ఆఫీసుకు చెయ్యాలి.
ఉసేనమ్మకు చేశాను.
అవతల మేకల చప్పుడు, కాస్త దగ్గు.
"తలుపేసుకొనింటాదిలే" అంది.