పదకొండో పేజీలో బాతు

జుజునా ఎప్పుడొచ్చినా చేతిలో ఒక గుడ్డపీలిక.
"ఒతియా, ఈ నీలం కావాలి" అనేది.
చూస్తే వాళ్ళమ్మ ఏప్రన్ అంచు,
ఉతికి ఉతికి, నీలమో కాదో కూడా తేలనిది.
మా దగ్గర ఉన్నది ఒకటే నీలం.
ప్రభుత్వం డబ్బాల్లో పంపేది.
ట్రాక్టర్లకీ సముద్రాలకీ అదే.
నేను అందులో చెంచాడు బూడిదరంగు, చీమతలంత పసుపు
కలిపి కలిపి, గాజుపలక మీద పరిచి,
కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూపించేవాణ్ణి.
"ఇంకొంచెం ముసలిది చెయ్యి" అనేది.
రంగుకి వయసుంటుందని నాకు చెప్పింది ఆవిడే.

కుటైసి అచ్చాఫీసు కింది అంతస్తులో
ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ పుస్తకాలు నా చేతుల మీదుగా పోయాయి.
చలికాలం రియోని నది తేమ తలుపు సందులోంచి దూరితే
కాగితం ఉబ్బేది,
ఎరుపు వెంట్రుకవాసి జరిగేది,
ఎలుగుబంటి మెడకి కట్టిన రుమాలు
మెడని వదిలి గాల్లో తేలేది.
ఆవిడ తిట్టేది.
తిట్టాక సంచిలోంచి అక్రోటు మిఠాయి విరిచి ఇచ్చేది.

మొదటి పుస్తకానికి ఆవిడకి ముట్టింది ఒక జత బూట్ల డబ్బు.
అదీ ఎడమది అప్పుడు, కుడిది వసంతంలో.

బాతు సంగతి నాలుగో పుస్తకంలో.
ఊరు చూడ్డానికి బయల్దేరిన బాతు, ప్రతి పేజీలోనూ ఉంటుంది:
రొట్టెల కొట్టు, వంతెన, పళ్ళు పీకే డాక్టరు గది.
అచ్చయింది, కుట్టయింది, ఇరవై వేల కాపీలు రైలెక్కాయి.
ఆర్నెల్లకి జెస్తాఫోని నుంచి ఉత్తరం,
గళ్ళ కాగితం మీద, పెన్సిలు నాలిక మీద తడిపి రాసినది:
"పదకొండో పేజీలో బాతు లేదు. ఎక్కడికి పోయింది?
దారికో, ఆరేళ్ళు, పళ్ళు నాలుగు ఊడాయి."

ఇద్దరం పేజీ తిప్పాం.
అంగడి వీధి, పుచ్చకాయలు, గొడుగులవాడు, నిద్రపోతున్న గాడిద.
బాతు లేదు.
ఎడిటరు చూడలేదు.
సెన్సారువాళ్ళు మూడు ముద్రలు వేశారు, వాళ్ళూ చూడలేదు.
నేను ఇరవై వేలసార్లు అచ్చు గుద్దాను.

జవాబు రాయడానికి ఆవిడకి తొమ్మిది రోజులు పట్టింది.
ఏం రాసిందో నాకు చూపించలేదు.
ఆ తర్వాత మాత్రం
ప్లేట్లు ఎక్కించే ముందు ప్రతి పేజీ మీదా వేలు పెట్టి వెతికేది,
బాతు లేని పుస్తకాల్లో కూడా.

ఆ పైన కరెంటు పోయిన ఏళ్ళు వచ్చాయి.
ప్రభుత్వం పోయింది, దాని నీలం డబ్బా పోయింది.
గోడకాగితం చుట్టల వెనకవైపు
కిరసనాయిలు దీపం కింద గీసేది.
ఆ వెలుగులో పసుపూ తెలుపూ ఒకటే గనక
పొద్దున చూస్తే చందమామలన్నిటికీ కామెర్లు.
"ఉండనీ" అంది, "ఈ ఏడాది చందమామకీ తిండి లేదు."
అచ్చు వేసేవాడు లేడు. పిల్లలు పుడుతూనే ఉన్నారు.
ఒక్కో పుస్తకం ఒక్కటే కాపీ,
నర్సు చెల్లెలు తెచ్చిన, గాయాలు కుట్టే దారంతో కుట్టింది.
రొట్టె క్యూలో చేతినుంచి చేతికి వెళ్ళి
పిండి అంటుకుని తిరిగొచ్చేది.

ఇప్పుడు ఆవిడకి చెయ్యి వణుకుతుంది.
తిన్నటి గీతలు మానేసింది.
వాన వేస్తుంది, గొర్రెల్ని వేస్తుంది, మెట్లు దిగే ముసలమ్మల్ని.
"పని వణుకుది, కూలి నాది" అంటుంది.

పోయిన గురువారం పిల్లల లైబ్రరీ మూసేస్తూ
పాత పుస్తకాలు ఎవరికి కావాలంటే వాళ్ళని పట్టుకుపొమ్మన్నారు.
బాతు పుస్తకం దొరికింది, వెన్నుకి మూడుసార్లు గుడ్డ అతికించినది.
పదకొండో పేజీ తిప్పాను.
పుచ్చకాయల వెనక పెన్సిలుతో ఒక బాతు.
గాడిద మీద బాల్‌పెన్నుతో ఒకటి, మూడు కాళ్ళది.
గొడుగు కింద ఒకటి, చెరిపేసి మళ్ళీ వేసినది.
పద్నాలుగు లెక్కపెట్టాను.
ఒకటి ముక్కు మాత్రమే.

పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.
చాలాసేపు చూసింది.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.
ఏడుస్తుందనుకున్నాను.
"ఒతియా, ఈ మూడు కాళ్ళదాని నీలం చూడు" అంది,
"మనకెప్పుడైనా కుదిరిందా ఇది?"