బావి ఉన్నచోట

చెంగల్రాయుడికి డెబ్బై దాటినాయి.
సర్వే గొలుసు మోసీ మోసీ
కుడిభుజం కొంచెం కిందికి జారి ఉంటుంది.
ఇప్పుడు గొలుసు లేదు.
నా చేతిలో రోవరు కర్ర, మెడలో ట్యాబు,
పైన కంటికి కనపడని ఉపగ్రహాలు పదమూడో పద్నాలుగో.
"ఆకాశాన్ని అడిగి నేలను కొలుస్తారా పాపా?"
అన్నాడు మొదటిరోజు.
ఎగతాళి కాదు, తెలుసుకుందామనే.

బంగారుపాళ్యం దాటి,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ పులిసిన వాసన దాటి,
కొత్త హైవే పొట్టకింద తల వంచుకుని వస్తే
ఎగువ చింతమాకులపల్లె.
హైవే మీదినుంచి ఊరు కనపడదు.
ఊళ్ళోంచి హైవే తప్ప ఇంకేమీ కనపడదు.

నేను నంబరు చెబుతాను,
ఆయన పేరు చెబుతాడు.

నూట నలభై రెండు బై మూడు.
"గానుగ చేను."
చెరుకు పోయింది, గానుగ పోయింది,
బెల్లం కాచిన కొప్పెర
ఎవరి దొడ్లోనో బోర్లా పడి కోళ్ళను మూస్తోంది.

నూట నలభై మూడు.
"పాముబండ."
బండను కోసి, నునుపు పట్టి, లారీలకెత్తినారు.
ఏ ఊరి వంటింట్లోనో దానిమీద ఉల్లిపాయలు తరుగుతుంటారు.
పాము ఎటు పోయిందో
అడంగల్లో రాయరు.

నూట నలభై ఏడు.
"కుప్పమ్మ అలిగిన కయ్య."
ఎందుకలిగింది?
"మా జేజికే తెలీదు.
సంగటి తీసకపోయి బతిమాలినా
గట్టు దిగలేదంట."
ఇప్పుడక్కడ సోలారు పలకలు,
వరసలు వరసలుగా,
అన్నీ ఒకే పక్కకు మొహం తిప్పుకుని.

నేను తిరుపతిలో పుట్టినదాన్ని.
మా వీధికి నంబరే పేరు.
అలిగిన నేలను ఎట్లా పిలవాలో నాకు తెలీదు.

నాలుగోరోజు లేఅవుట్లోకి దిగినాం.
రంగు రాళ్ళు, ఎర్రమట్టి రోడ్లు,
కొట్టేసిన తోతాపురి మోళ్ళ మీద కొత్త చిగుళ్ళు.
చదునంటే చదును, గోలీ వదిలితే కదలదు.
రోవరు ఇటివ్వమని అడిగి ముందు నడుస్తున్నాడు,
ఉన్నట్టుండి పక్కకు జరిగి
అర్ధచంద్రంలా చుట్టి
మళ్ళీ దారిలోకి వచ్చినాడు.

"ఏమైందన్నా?"
"ఏమైంది?"
వెనక్కి తిరిగి తన అడుగులు తానే చూసుకున్నాడు.
చాలాసేపు.
"ఓ... బావి గదా ఇక్కడ."

పన్నెండు మట్ల బావి.
నడుముకు బెండు కట్టి, వాళ్ళన్న
వెనకనుంచి ఒక్క తోపు తోసినాడంట ఇందులోకే.
ఆ పక్కనే వెయ్యిన్నూట అరవై అడుగుల బోరు వేస్తే
తెల్లటి దుమ్ము లేచి
మూడురోజులు మామిడాకుల మీద కూర్చుంది.
ఆ తర్వాత బావికి మిగిలిన పని ఒక్కటే, పూడిపోవడం.
ఎనిమిది రోజులు క్వారీ రాళ్ళు మింగింది.
"తొమ్మిదేండ్లాయ పాపా. కాళ్ళకింకా చెప్పలేదు ఎవురూ."

సాయంత్రం ఆఫీసునుంచి ఫోను:
నడిచిన గీత నడిమధ్యలో వంగింది, కారణం నింపండి.
ట్యాబులో ఉన్న కారణాలు
చెట్టు, స్తంభం, కట్టడం, ఇతరములు.
ఇతరములు నొక్కినాను.
ఒప్పుకోలేదు. మళ్ళీ నడవమన్నారు.

మర్నాడు ఆయన్ను పిలవలేదు.
ఒక్కదాన్నే వెళ్ళి నిటారుగా నడిచినాను.
ఒకచోట నేల కొంచెం మెత్తగా దిగింది,
చెప్పు అంచు మునిగేంత.
ఆగలేదు.
గీత చక్కగా వచ్చిందన్నారు.

ట్యాబు మూసి, రోవరు మడిచి
బండి దగ్గరకు తిరిగొస్తూ మాత్రం
చుట్టూ తిరిగే వచ్చినాను.