ఎడమవైపు నుంచి వచ్చిన ఎండ

దూదిపుల్లని ఉమ్మితో తడిపి
(నవ్వకండి, మా పనిలో అంతకు మించిన మందు లేదు)
ఆకాశం మూల నుంచి మొదలుపెట్టాను.
ఎవరింటి హాల్లోనో నూటపాతికేళ్లు తాగిన చుట్టపొగ
పసుపు మరకై దూదికి అంటింది.
అడుగు నుంచి నీలం లేచింది,
నలభయ్యేళ్లుగా కైరోలో ఉంటూ
నేనెన్నడూ చూడని నీలం.

బొమ్మలో ఒక సందు.
దర్బ్ అల్ అహ్మర్ అని వెనక చెక్క మీద ఫ్రెంచిలో పెన్సిల్ రాత.
పైన, చెక్కజాలీల కిటికీలు
చెవిలో చెప్పుకునేంత దగ్గరగా.
ఎండ ఒక్కటే పట్టీ:
ఎడమ నుంచి జారి, కంచరి పళ్లెం మీద పడి,
అక్కణ్ణుంచి చివ్వున లేచి
గుమ్మంలో నిలబడ్డ ఆమె మెడ దగ్గర ఆగుతుంది.
గాడిద చెవి కూడా అటే చూపిస్తుంది.
కంటికి ముక్కుతాడు వేసి నడిపించాడు మహానుభావుడు.

గది దీపాలార్పి
టార్చిని పక్కవాటుగా పట్టాను.
గోడ ఒక్కసారిగా గరుకుదేలింది.
పెచ్చులూడిన సున్నాన్ని కత్తితోనే మెత్తాడు,
పళ్లెం మీద తెల్లరంగు బొట్టు
వేలికి గుచ్చుకునేంత మందం.
ఆమె ముఖం మాత్రం నున్నన,
పొర మీద పొర తుడిచి తుడిచి
కుంచె పోయిన దారే లేకుండా.
గోడకి చర్మం ఇచ్చాడు.
ఆమెకి పింగాణీ.

చట్రం బాగుచెయ్యడానికి బర్సూమ్ ఉస్తా వచ్చాడు,
ఆ పేటలోనే పుట్టినవాడు, జాలీ పూసలు కడిగే పనివాడు.
చెవి మీది పెన్సిల్ తీసి గాలిలో లెక్కపెట్టాడు.
"ఇన్ని పూసలకి ఇన్నే పుల్లలా? ఈ కిటికీ రేపే కూలుద్ది."
కాసేపాగి,
"ఎండ అటునుంచి రాదమ్మా.
మా సందులో మిట్టమధ్యాహ్నం నడినెత్తిన
ఇరవై నిమిషాలు వస్తది, పోతది.
ఆ ఇరవై నిమిషాల్లోనే మా అమ్మ
బెండకాయ ముక్కలు ఎండబెట్టుకునేది."

నాకూ అనుమానమే.
ఆ నీడల్లో చలి ఉంది.
పారిస్‌లో ఏ గది కిటికీదో ఆ వెలుతురు,
మా నీడ రొట్టె అంచు రంగులో ఉంటుంది.

కుడి కింద మూలకి చేరేసరికి
దూది కర్రుమంది.
రంగులో ఇసుక.
ఒక గడ్డిపరక, సగం.
ఇంత ముక్క మాత్రం
ఎండలో, గాలిలో, సందులోనే కూర్చుని వేశాడన్నమాట.
అక్కడ పుచ్చకాయల మనిషి.
నాలుగు దెబ్బల్లో గలాబియా, రెండింటిలో చెయ్యి.
నీడ సరిగ్గా కాళ్ల కిందే, పొట్టిగా, రొట్టె రంగులో.
ముఖం సగం చట్రం కిందికి పోయింది,
మిగిలిన ఒంటి కన్నుతో
సూటిగా ఇటే చూస్తున్నాడు,
కొనవుగదా, మరి లేవవేం, అన్నట్టు.

"ఉస్తా, ఈ పక్క కమ్మి కాస్త సన్నం చెయ్యగలవా?"
"చేస్తే వీడు బయటికొస్తాడు.
అందరూ వీణ్ణే చూస్తారు. ఆ అమ్మాయి గతేంటి?"
"ఆవిడ కాసేపు కూర్చుంటుందిలే."

అతను నవ్వి పెన్సిల్‌తో గీత గీశాడు.
సాయంత్రం నివేదికలో రాశాను:
కుడి కమ్మి తగ్గింపు, తొమ్మిది మిల్లీమీటర్లు.
కారణం అన్న గడిలో
ఏమీ రాయలేదు.