ఇటు తిప్పినా అటు తిప్పినా

ప్రతి మాటకు ముందు
ఒక మాట పెడ్తవు నువ్వు, సరోజనా,
"ఏమనుకోకుండ్రి" అని.
కూర మంచిగ కుదిరిన్నాడు, ఏమనుకోకుండ్రి.
మేస్త్రి తప్పిన లెక్క సరిజేసేటప్పుడు, ఏమనుకోకుండ్రి.
పోచమ్మమైదాన్ కాడ ఆటో ఆయన చిల్లర ఎగ్గొడితే
నీ పది రూపాయలు నువ్వు అడిగేముందు కూడా.
నవ్వొస్తే కొంగు అడ్డం.
పాటొస్తే దగ్గు.

కొత్తవాడల మన మగ్గాల షెడ్డు.
రేకుల కింద ఏప్రిల్ ఎండ కూడా
మనతోని కూలికొచ్చినట్టే ఉంటది.
పన్నెండేండ్ల సంది ఒకే చెక్క మీద
నీ పక్కన నేను,
మోచెయ్యికి మోచెయ్యి తాకుకుంట.
నీ పంజా దెబ్బ కండ్లు మూసుకోని గుర్తుపడ్త:
రెండు గట్టిగ, ఒకటి మెల్లగ.
ఆ మూడోది
ఎవలో పండుకున్న ఇంట్ల తలుపు తీసినట్టు.

ఆ నెల ఆర్డరు హాస్టలుది.
నీలం పట్టె, బూడిద పట్టె,
మళ్ల నీలం, మళ్ల బూడిద,
నూట ఇరవై జంపఖానాలు.
నేసి నేసి నాకు అన్నంల కూడా పట్టెలే కనవడ్డయి.
డెబ్బై మూడోదాంట్ల
నీ చెయ్యికి ఏం తోచిందో,
కందిపువ్వు పసుపు నూలు
నాలుగు వేళ్ల మందం పేక వేసింది.
ఏడిది ఈ కండె అని అడిగిన.
"మిగిలింది వినోదక్కా, పారేసుడెందుకని..."
అబద్ధం.
రాత్రి ఇంట్ల నువ్వే అద్దినవు ఆ రంగు,
నీ గోర్ల సందుల ఇంకా ఉన్నది.

సొసైటీ మేనేజరు వచ్చిన పొద్దు
గబగబ లేచి
ఆ జంపఖానను బోర్లేసి పరిచినవు.
ఓ సరోజనా,
ముప్పై ఏండ్లు మగ్గం మీద కూసున్నదానివి,
జంపఖానకు ఎనుక పక్క ఉంటదా?
ఇటు తిప్పినా అటు తిప్పినా
అదే పసుపు,
అవే నాలుగు వేళ్లు.
అందరికంటే ముందు నువ్వే నవ్వినవు.
కొంగు అందలే, చేతుల నిండ జంపఖానే ఉండె.
నీ నవ్వు పూర్తిగ నేను చూసింది అదే మొదలు.
పై పన్ను ఒకటి వంకర.
ఎంత బాగుంటదో చెప్పలే నీకు,
నేను కూడా.

మేనేజరు నవ్వలే.
టేపు పెట్టి కొలిచిండు,
కాగితం మీద "లోపం" అని రాసిండు,
కూలిలకెల్లి ఎనభై రూపాయలు కోసిండు.
నీకు అబద్ధం చెప్పను, అట్లనే అయితది.
మనసొంటోళ్లు వెలిగితే
కరెంటు బిల్లు మన పేరు మీదనే వస్తది.

కానీ ఒక్క సంగతి.
మా మరిది బిడ్డ శ్రావ్య ఆ హాస్టల్లనే ఏడో తరగతి.
దసరా సెలవులకు వచ్చి చెప్పింది,
అన్నాల హాలుల ఒక జంపఖానకు పసుపు గీత ఉన్నదట.
గంట కొట్టంగనే పిల్లలంత దానికే ఉరుకుతరట.
గీత మీద ఏడుగురే పడుతరట,
వంతులు బొగ్గుతోని గోడకు రాసుకున్నరట,
వార్డెన్ తుడిస్తే మళ్ల రాసిండ్రట.
"ఎవలు నేసిండ్రో, పెద్దమ్మా" అన్నది.
నీ పేరు చెప్పిన.
ఇంటి పేరుతోని సహా చెప్పిన.

నేను సుతం తక్కువదాన్ని కాదులే.
చిట్టీల లెక్క మా ఆయన తప్పేస్తుంటే
పక్కన కూసోని ఇరవై ఏండ్లు చూసిన,
నోట్లె లెక్క నోట్లెనే మింగిన.
ఊకున్నందుకు ఎవలన్న మెచ్చుకున్నరా?
చిట్టీ మునిగింది, అంతే.

బోర్లేసినా కనవడేదాన్ని
ఎన్నిసార్లు బోర్లేస్తం చెప్పు.
అదంత కష్టం మగ్గం మీద పెడితే
ఇంకో గజం నేద్దుము.

రేపటి సంది కొత్త ఆర్డరు,
ఎర్ర పట్టె, నల్ల పట్టె అంటున్నరు.
ఇగో, నా గోర్లు చూడు.
రాత్రి పొయ్యి మీద పాత గంజుల
నేను కూడా ఒకటి ఉడకవెట్టిన.
ఆకుపచ్చ.
సగం కుదిరింది, సగం కుదరలే.
జర జరుగు.
ఆ మూడో దెబ్బ
ఈసారి గట్టిగ కొట్టు.