రెండో మెట్టు

ఆకివీడు దాటాక, ఉప్పుటేటి గాలి మొదలయ్యే చోట
కొత్త మేడ వెనకాల నలభై అడుగుల నీలం.
వారానికోసారి నా బండి అక్కడ ఆగుతుంది.
సీటు కింద పెట్టెలో
క్లోరిన్ చుక్కల సీసా, పీహెచ్ చుక్కల సీసా,
వేలెడంత గాజుగొట్టం.

ఇవే సీసాలతో పదకొండేళ్ళు
రొయ్యల చెరువుగట్ల మీద తిరిగాను.
అక్కడ నీళ్ళు పచ్చబడాలని
బెల్లం, తవుడు పీపాలో పులియబెట్టి
తెల్లారకముందే గట్టు చుట్టూ చల్లేవాణ్ణి.
రంగు తిరిగిందంటే రైతు టీ ఇప్పించేవాడు.
ఇక్కడ ఓ మూల ఆకుపచ్చ నీడ కనబడితే చాలు
ఫోను మోగుతుంది.

మొన్న సోమవారం వేరేగా మోగింది.
"త్రిమూర్తులూ, మెట్ల మీద మరక.
అచ్చం పాదంలా ఉంది."
పాదం అన్నచోట
వసుంధర గారి గొంతు కాస్త తగ్గింది.

వెళ్ళాను. రెండో మెట్టు మీద
నిజమే, గోధుమరంగు పాదం.
మడమ దగ్గర పలచన, వేళ్ళ దగ్గర చిక్కన.
పక్కకి తిరిగి చూస్తే చిరిగిన అరటాకు కూడా.

"నేనెవర్నీ అనట్లేదు" అన్నారావిడ
వాచ్‌మెన్ గది వైపు చూస్తూ.
"రాత్రిళ్ళు ఎవరు దిగుతున్నారో ఏంటో.
మొత్తం తోడించేద్దామా?"
డెబ్బై అయిదు వేల లీటర్లు.
ఒక పాదానికి.

గది గుమ్మంలో వాచ్‌మెన్ కూతురు సువార్త
ఒక కాలి వెనకాల ఇంకో కాలు దాచుకుని నించుంది.

మెడికల్ షాపుకెళ్ళి
సి విటమిన్ బిళ్ళలు ఒక అట్ట కొన్నాను.
చొక్కా భుజం దాకా మడిచి, నీళ్ళలోకి వంగి
ఒక బిళ్ళ మరక మీద అదిమిపట్టాను.
ముప్పై దాకా లెక్క.
మా నాయనమ్మ గోదారి ఎర్రనీళ్ళ బిందెలో
చిల్లగింజ అరగదీస్తూ
ఇలాగే పెదాలు కదిపేది.

బిళ్ళ తీశాను.
పాదానికి బొటనవేలు లేదు.
అక్కడ గుండ్రంగా, తెల్లగా, టైలు.

"ఇనుమండీ ఇది.
మనిషి మురికైతే క్లోరినే ఎప్పుడో తినేసేది.
కాలవ కట్టేశారని బోరు నీళ్ళు నింపారు కదా,
నూట ఎనభై అడుగుల కింద
ఇనుము కంటికి కనబడకుండా కరిగి ఉంటదండి.
పైకొచ్చి క్లోరిన్ మొహం చూసిందా, తుప్పు.
పీహెచ్ పెరిగితే ఎక్కడపడితే అక్కడ కూలబడిపోద్ది.
పోయినవారం ఎనిమిదీ రెండు చూపించిందండి.
యాసిడ్ పొయ్యడం నేనే వాయిదా వేశాను.
ఆయ్, తప్పు నాదే."

"మరి పాదంలా ఎందుకుంది?"

ఆ ప్రశ్నకి నా పెట్టెలో చుక్కలు లేవు.

క్లోరిన్ దిగేదాకా ఆగి,
పుల్లటి పొడి చల్లి, రాత్రంతా పంపు తిప్పి,
ఇనుముని విడవకుండా పట్టుకునే మందు పోసి,
ఫిల్టరు వెనక్కి కడిగితే
కొబ్బరిచెట్ల మొదట్లోకి టీ రంగు నీళ్ళు పోయాయి.

శనివారానికి మెట్టు తెల్లబడింది.
వసుంధర గారు చెప్పులిప్పి, దిగి,
బొటనవేలితో రాసి చూసుకున్నారు.
నాకు కాఫీ వచ్చింది.
వాచ్‌మెన్ గదికి ఏ కబురూ వెళ్ళలేదు.

అట్టలో నాలుగు బిళ్ళలు మిగిలితే సువార్తకిచ్చాను.
ఒకటి బుగ్గన పెట్టుకుని, పులుపుకి కన్ను మూసి
బండి దాకా వచ్చింది.
"మావయ్యా," అటూ ఇటూ చూసి,
"ఒక్కసారే దిగాను. మోకాళ్ళ దాకా.
కరెంటు పోయిన్రోజు."

నా చేతిలో గాజుగొట్టం ఇంకా నిండుగానే ఉంది.
అయిదు చుక్కలు వేసి ఎండకెత్తాను.
బొప్పాయి గుజ్జు రంగు.
ఇద్దరం తలలు దగ్గర పెట్టి చూశాం.

"ఏడూ నాలుగు" అన్నాను.
"అంటే?"
"అంటే, మునిగినా కళ్ళు మండవు."