అస్తరు

కొరియా ఆయనేమో అనుకుంటి మొదట.
జపానంట.
హిందూపురం దావలో కొత్త ఫ్యాక్టరీకి
యంత్రాలు బిగించేకి వచ్చినాడని
డ్రైవర్ ఓబులపతి చెప్పె.

ఏప్రిల్ మిట్టమధ్యాన్నం
పాతూరు బజారు పెనం మాదిరి కాల్తాంటే
గొడుగేసుకొని వచ్చె ఆ మనిషి.
లేత గంధం రంగు గొడుగు,
అంచుకు సన్నగా కుట్టుపూలు.
టీ బంకు కాడ తెల్లచొక్కాలన్నీ
ఒకేసారి తలకాయలు తిప్పె.
"మొగోడు ఎండకు గొడుగేసుకునేదేందప్పా!"
నారపరెడ్డి నవ్వు అందరికంటే పెద్దది.
ఆయన పేరు మినేగిషి.
పొద్దు గుంకేలోగా బజారంతా మీనాక్షి.

అర్థమైందో లేదో,
గొడుగు మడిచి, మడత మీద మడత సరిచేసి,
గుండీ పెట్టి, గోడకు ఆనించి
నా ముందర తల వంచె.
ముప్పై ఏండ్ల మిషన్ బతుకులో
నాకెవరూ తల వంచలా.
వంచేది నేను,
మోకాళ్ల మీద కూచోని ప్యాంటు పొడుగు కొలిచేటప్పుడు.

ఒక కోటు కావాలన్యాడు. బూడిద రంగు.
వేరే రంగు చూపిస్తానంటే వద్దన్యాడు.
ఓబులపతి వచ్చీరాని ఇంగ్లీషుతో అడిగి చెప్పె:
వాళ్ల ఆఫీసులో అందరిదీ అదే రంగంట.
పనడిగేకి పొయ్యే పిల్లోళ్లంతా
ఒకే అచ్చులో కోసిన ఇటుకలంట.
టై ఒక వేలు పక్కకు జరిగితే
ఎవరూ ఏమీ అనరంట.
ఆ అనకపోవడాన్నే
ఇంటికి మోసుకుపోవల్లంట.

నాకు నవ్వొచ్చె. ఇది నేనెరగని దేశమా?
నేను కుట్టిన తెల్లచొక్కాలన్నీ
పెన్న ఇసకలో పరిస్తే
ఏట్లో నీళ్లొచ్చినాయనుకుంటారు జనం.
ఇస్త్రీ నలిగితే మీసం నలిగినట్టే ఈడ.

పద్దెనిమిదేండ్లప్పుడు
చిలకపచ్చ చొక్కా కుట్టుకుంటి, నాకు నేనే.
మా నాయన తిట్టలా, కొట్టలా.
కత్తెర తీసి
చతురంగా ముక్కలు చేసి
నూనె డబ్బా పక్కన పెట్టె.
ఏడాది పొడుగునా
పచ్చగుడ్డతో మిషన్ తుడిస్తి.

కొలతలయినాక సంచిలోంచి ఒక పొట్లం తీసె జపానాయన.
ధర్మవరం పట్టు!
ఆదివారం బస్సెక్కి పోయి తెచ్చుకున్యాడంట.
ఇట్ల తిప్పితే నెమలినీలం,
అట్ల తిప్పితే వంగపండు.
"పెండ్లానికా?" అంటి.
తల అడ్డంగా ఊపి
కోటు లోపల చేత్తో రాసి చూపించె. అస్తరుకంట.

ఎప్పుడో వాళ్ల పాతకాలంలో
వ్యాపారస్తులు పట్టు తొడగొద్దని దొరలు కట్టడి చేస్తే
పైకి నూలు, లోపలికి పట్టు కుట్టించుకొనిరంట.
దొరకు కనపడేది దొరకు,
ఒంటికి తగిలేది ఒంటికి.

మరి గొడుగో? అడగకుండా ఉండలేకపోతి.
మా ఊర్లో కూడా ముందు నవ్విరి,
తర్వాత ఎండ ఎక్కువాయ, అన్యాడు.

నాలుగు రాత్రులు చేత్తోనే కుట్టినా ఆ అస్తరు.
మిషన్ సూదికి
పట్టు మీద దయ ఉండదు.

కోటేసుకుంటే అచ్చం రిజిస్ట్రారాఫీసు గుమాస్తా.
"ఇంతేనా!" అన్యాడు ఓబులపతి.
అద్దం ముందర
ఒక పక్క కొంచెం తెరిచి, చూసుకొని, మూసె.
రెప్ప కొట్టినంతసేపు.
దుడ్లు లెక్కపెట్టి రెండు చేతులతో ఇచ్చి,
గొడుగు తీసుకొని ఎండలోకి పాయ.

జానెడు పట్టు మిగిలింటే నన్నే ఉంచుకోమన్యాడు.

నెల దాటినాక, షట్టరు సగం దించినాక,
వంగి లోపలికొచ్చె నారపరెడ్డి.
తెల్లచొక్కా కొలత పాతదే.
ఊరికే నిలబడె కొంచెంసేపు.
"మౌలాలీ, ఆ మీనాక్షి గుడ్డ...
జోబు లోపలికి...
బయటికి కనపడకూడదు."

"అయిపోయింది రెడ్డీ" అంటి.

అబద్ధం.
నా కాలరు కింద, మెడకు
చల్లగా తగుల్తా ఉండె అప్పుడే.
ఏ పక్క నీలమో, ఏ పక్క వంగపండో
నాకూ కనపడదు.