తోకలు లెక్కపెట్టే పని

జారియాలో నా ఉద్యోగం తోకలు లెక్కపెట్టడం.
నవ్వకండి, నెల తిరిగితే జీతమిస్తారు.

పురుగు కణాల్ని పల్చటి జిగురులో పరిచి
కరెంటు పారిస్తే
తెగని డీఎన్ఏ ఉన్నచోటే ముద్దగా కూచుంటుంది.
తెగిన ముక్కలు మాత్రం ఆ లాగుడికి కొట్టుకుపోయి
చీకటిగదిలో ఒక తోకచుక్క పొడుస్తుంది.
ఎంత పొడుగు తోకో అంత పెద్ద దెబ్బ.

పురుగులు మా ఊరివే.
కొండమీది నల్లబండపై
ఎన్ని తరాల ఆడవాళ్ళు జొన్నలు దంచారో గాని
రోకలి దిగిన చోటల్లా ఒక గుంట.
వానలప్పుడు ఆ గుంటల్లో
కుట్టని దోమ పిల్లలు ఎర్రెర్రగా మెలికలు తిరుగుతాయి.
చిన్నప్పుడు పుల్లలతో కెలికి తన్నులు తిన్నాను.
తర్వాత హర్మటాన్ గాలి దిగుతుంది
ఎడారి పిండిని మొహాన జల్లుకుంటూ.
గుంట ఎండుతుంది, పురుగూ ఎండుతుంది.
ఒంట్లో నీరంతా వదిలేసి
ఆ ఖాళీల్లో చక్కెర పాకం నింపుకుని
గాజుపెంకులా గట్టిపడుతుంది.
ఎనిమిది నెలలు
ఆకలి లేదు, ఊపిరి లేదు,
చావు కూడా లేదు.

పాకం అన్నిటినీ కాపాడుతుందనుకునేదాన్ని, చేరిన కొత్తలో.
కాదట. ఎండడమే దెబ్బ.
రెండు పేటల తాడు
రెండు పేటలూ ఒకేచోట పుటుక్కుమంటుంది,
ఒకచోట కాదు, లెక్కలేనన్ని చోట్ల.

నీళ్ళు పోస్తే గంటలో కదిలింది.
తల ఆడించి, ఒళ్ళు విదిలించి
మట్టి తినడం మొదలెట్టింది.
మొదటిసారి చూసి చప్పట్లు కొట్టాను.
డాక్టర్ యెల్వా తలెత్తకుండా అంది,
"ఆ కదిలినదాన్నే స్లైడుకెక్కించు."
ఎక్కించాను.
దాని తోక అద్దం అంచుదాకా సాగి ఉంది.

నాలుగు రోజులు పడుతుంది
ఆ తోక పొట్టిదవడానికి.
అప్పటిదాకా అది తింటుంది, ఈదుతుంది,
చూసేవాళ్ళకి బతికిపోయినట్టే.

మా అసబే పిన్నిని
అడవిదారిలో బస్సు ఆపి దింపుకుపోయారు.
ఎన్నాళ్ళుంచారో తను చెప్పలేదు,
మేం లెక్కపెట్టాం, నూట ముప్ఫైనాలుగు.
తిరిగొచ్చిన గంటకే పొయ్యి రాజేసింది,
గంజి కాచి అందరికీ పోసింది.
ఇరుగుపొరుగు వచ్చి చూసి
"అల్హమ్దులిల్లా, ఏం కాలేదు,
నడుస్తోంది, తింటోంది" అని లేచి వెళ్ళారు.
నేనేమీ అనలేదు.
గంజి బాగుందని మాత్రం అన్నాను.

ఆ వారమే టాంకో వచ్చాడు, పగిలిన సొరబుర్రలు కుట్టేవాడు.
కుట్టుకింత అని రేటు, బేరం లేదు.
పిన్ని ఒక బుర్ర తెచ్చింది
అంచునుంచి అడుగుదాకా బీట వారింది.
అతను బీటకి అటూ ఇటూ బెజ్జాలు పొడిచి
నార దూర్చి లాగి
పళ్ళతో ముడి బిగించాడు.
ఆమె చెంబెత్తబోతే చెయ్యడ్డం పెట్టాడు:
"నీళ్ళు ఇవాళొద్దు తల్లీ,
నార సర్దుకోవాలి. ఇవాళ్టికి జొన్నలు పోసుకో."

పురుగు ఒంట్లోనూ కుట్టేవాళ్ళున్నారు.
తెగిన కొసల్ని వెతుక్కుంటూ
చీకట్లో తడుముకుంటూ తిరుగుతారు.
ఒక్కోసారి
ఈ కొసని ఇంకెవరి కొసకో ముడేస్తారు.
ఆ ముడితోనే దానికి రెక్కలొస్తాయి,
ఆ ముడితోనే ఎగిరిపోతుంది.
అది నా స్లైడులో కనబడదు.
నాకు కనబడేది తోక ఒక్కటే.

నిన్న తొంభైయ్యారో గంట కణాలు చూశాను.
నూటికి తొమ్మిదింటికి ఇంకా తోకలున్నాయి.
రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి
శుక్రవారం కదా అని ఊరెళ్ళాను.

పిన్ని వాకిలి ఊడుస్తోంది.
నన్ను చూసి నవ్వింది కూడా.
దాహమేస్తోందంటే రేకు గ్లాసుతో నీళ్ళిచ్చింది.

గోడవార కుట్టిన బుర్ర ఉంది.
అందులో ఇంకా జొన్నలే.